ఇంటరప్ట్ బగ్‌కి ప్రింట్ సాక్ష్యం చెల్లదు: ఫోన్ కవర్ల డబ్బుతో ఒక లాజిక్ అనలైజర్ కొనండి

కొత్త ఫోన్ లాంచ్ అయిందంటే మనం మొదట చూసేది నంబర్లే. ఎన్ని గిగాహెర్ట్జ్, ఎన్ని కోర్లు, డిస్‌ప్లే 120 హెర్ట్జా 144 హెర్ట్జా, టచ్ శాంప్లింగ్ 240 హెర్ట్జేనా ఇంకా ఎక్కువా అని గంటలు గంటలు వాదించుకుంటాం. కానీ మీ వేలు స్క్రీన్‌ని తాకిన క్షణం నుంచి ప్రాసెసర్ ఆ విషయం పట్టించుకునే క్షణం వరకు ఎంత టైమ్ పడుతుందో ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు. ఆ మధ్యలో పనిచేసే దాని పేరే ఇంటరప్ట్.

నేను ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ రాస్తాను. రోజూ నా పని ఈ ఇంటరప్ట్‌లతోనే. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ పక్కన పెట్టి, మనలో ఆర్డుఇనోతోనో ఎస్‌టీఎమ్32తోనో ఈఎస్‌పీ32తోనో ఆడుకునే వాళ్ల కోసం ఒక మాట సూటిగా చెప్తున్నా. ఇంటరప్ట్‌లో వచ్చే బగ్‌ని ప్రింట్ స్టేట్‌మెంట్లు పెట్టి పట్టుకోవాలనుకోవడం టైమ్ వేస్ట్. దాన్ని బయటి నుంచి కొలవాలి. అందుకు వెయ్యి రూపాయలకి అటూ ఇటూగా దొరికే ఒక లాజిక్ అనలైజర్, చిప్‌లో ఖాళీగా ఉన్న ఒక పిన్, ఎప్పుడైనా అవసరం పడితే కాలేజీ ల్యాబ్‌లో ఉన్న ఆసిలోస్కోప్ చాలు.

ముందు ఇంటరప్ట్ సంగతి రెండు ముక్కల్లో

ఇంటికి ఎవరైనా వచ్చారేమో అని రెండు నిమిషాలకోసారి తలుపు తీసి చూడటం ఒక పద్ధతి. దాన్ని పోలింగ్ అంటారు. కాలింగ్ బెల్ పెట్టుకుని మన పని మనం చేసుకోవడం ఇంకో పద్ధతి. అదే ఇంటరప్ట్. బెల్ మోగగానే ప్రాసెసర్ చేస్తున్న పనిని అక్కడికక్కడ ఆపి, ఎక్కడ ఆపిందో గుర్తు పెట్టుకుని, ఇంటరప్ట్ సర్వీస్ రొటీన్ అనే చిన్న ఫంక్షన్‌లోకి దూకుతుంది. దీన్నే ఐఎస్‌ఆర్ అంటాం. ఆ పని అవ్వగానే మళ్లీ పాత పనికి వస్తుంది.

ఫోన్‌లో టచ్ కూడా ఇంతే. టచ్ కంట్రోలర్ చిప్ స్క్రీన్‌ని స్కాన్ చేస్తూ ఉంటుంది. వేలు తగిలితే తన ఇంటరప్ట్ లైన్‌ని లాగుతుంది. లినక్స్ కెర్నల్‌లోని హ్యాండ్లర్ "చూశాను" అని చెప్పి ఒక థ్రెడ్‌ని లేపుతుంది. ఆ థ్రెడ్ ఐ2సీ లేదా ఎస్‌పీఐ బస్ మీద వేలు ఎక్కడుందో చదువుకుంటుంది. టచ్ శాంప్లింగ్ 240 హెర్ట్జ్ అంటే స్కాన్ 4.17 మిల్లీసెకన్లకోసారి జరుగుతుందని మాత్రమే అర్థం. ఆ థ్రెడ్‌కి టర్న్ ఎప్పుడొచ్చిందో ఆ నంబర్ చెప్పదు.

చిన్న చిప్‌ల్లో ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆర్మ్ కార్టెక్స్-ఎమ్3, ఎమ్4 కోర్లు ఇంటరప్ట్ రాగానే ఎనిమిది రిజిస్టర్లని స్టాక్‌లో దాచి ఐఎస్‌ఆర్‌లోకి వెళ్తాయి. మెమరీలో వెయిట్ స్టేట్లు లేకపోతే ఇదంతా 12 క్లాక్ సైకిళ్ల పని. 72 మెగాహెర్ట్జ్ దగ్గర అంటే దాదాపు 167 నానోసెకన్లు. ఫ్లాష్ మెమరీ నెమ్మదిగా ఉంటే ఇంకొంచెం పెరుగుతుంది. అప్పటికే అంతే ప్రయారిటీ ఉన్న ఇంకో ఐఎస్‌ఆర్ నడుస్తుంటే అది అయ్యేదాకా ఆగాలి. డేటాషీట్‌లో కనిపించేది ఆ 12. మీ బోర్డు మీద అది ఎంత అవుతుందో మీరే కొలుచుకోవాలి.

ప్రింట్ ఎందుకు దొంగ సాక్ష్యం చెప్తుంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. సీరియల్ పోర్ట్ స్పీడ్ 115200 అనుకోండి. ఒక అక్షరానికి స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ కలిపి 10 బిట్లు. అంటే ఒక్కో అక్షరానికి దాదాపు 87 మైక్రోసెకన్లు. ఇరవై అక్షరాల మెసేజ్ బయటికి వెళ్లడానికి 1.7 మిల్లీసెకన్లు కావాలి. మీ సెన్సర్ మిల్లీసెకన్‌కో పల్స్ పంపుతుంటే, ఒక మెసేజ్ వెళ్లేలోపు ఇంకో పల్స్ వచ్చేసి ఉంటుంది.

"బఫర్ ఉంటుంది కదా, ప్రింట్ వెంటనే బయటికి వచ్చేస్తుంది కదా" అనొచ్చు. ఆర్డుఇనో ఊనోలో సీరియల్ బఫర్ 64 బైట్లే. అది ఖాళీ అవ్వాలన్నా ఇంటరప్టే కావాలి. ఐఎస్‌ఆర్ లోపల ఉన్నంతసేపు మిగతా ఇంటరప్ట్‌లు ఆగిపోయి ఉంటాయి. కాబట్టి బఫర్ నిండగానే ప్రింట్ ఫంక్షన్ ఐఎస్‌ఆర్‌లోనే కూర్చుని ఒక్కో అక్షరం వెళ్లేదాకా కాచుకుంటుంది. ఈలోగా అదే పిన్ మీద రెండు ఎడ్జ్‌లు వస్తే చిప్‌కి గుర్తుండేది ఒక్కటే. ఎందుకంటే పెండింగ్ ఫ్లాగ్ ఒక బిట్ మాత్రమే, దానికి లెక్కపెట్టడం రాదు.

అంటే మీరు బగ్‌ని చూడటానికి పెట్టిన ప్రింటే కొత్త బగ్‌ని పుట్టించింది. ఇంకా చిరాకు ఏంటంటే ఒక్కోసారి ఉన్న బగ్ కూడా మాయమైపోతుంది. ప్రింట్ ఉంటే పనిచేస్తుంది, తీసేస్తే పనిచేయదు. "ఆ లైన్ అలాగే ఉంచేయ్ బ్రో, ముట్టుకోకు" అని ప్రాజెక్ట్ సబ్మిట్ చేసేసిన బ్యాచ్‌లు ప్రతి కాలేజీలోనూ ఉంటాయి.

డీబగ్గర్‌తో బ్రేక్‌పాయింట్ పెట్టడం కూడా ఇక్కడ పూర్తిగా పనికిరాదు. మీరు కోర్‌ని ఆపగలరు. బయట తిరుగుతున్న ఫ్యాన్‌ని, నీళ్లు పోస్తున్న పైపుని, పక్క బోర్డు పంపుతున్న డేటాని ఆపలేరు. ప్రత్యేకంగా ఫ్రీజ్ సెట్టింగ్ పెట్టకపోతే చిప్ లోపలి టైమర్లు కూడా తిరుగుతూనే ఉంటాయి. మళ్లీ రన్ నొక్కేసరికి మీరు చూడాలనుకున్న పరిస్థితి దాటిపోయి ఉంటుంది.

ఒక్క పిన్ చాలు

ఇక్కడ చేయాల్సింది చాలా సింపుల్. ఖాళీగా ఉన్న ఒక పిన్‌ని అవుట్‌పుట్‌గా పెట్టండి. ఐఎస్‌ఆర్ మొదటి లైన్‌లో దాన్ని హై చేయండి, చివరి లైన్‌లో లో చేయండి. లాజిక్ అనలైజర్ మొదటి ఛానెల్‌ని ఇంటరప్ట్ తెచ్చే సిగ్నల్‌కి, రెండో ఛానెల్‌ని ఈ పిన్‌కి కలపండి. రెండు బోర్డుల గ్రౌండ్‌నీ అనలైజర్ గ్రౌండ్‌తో కలపడం మర్చిపోకండి. రికార్డ్ నొక్కండి.

ఆ రెండు గీతల్లో నాలుగు విషయాలు తెలిసిపోతాయి. సిగ్నల్ మారిన తర్వాత ఎంతసేపటికి ఐఎస్‌ఆర్ మొదలైంది, అది లేటెన్సీ. పిన్ ఎంతసేపు హైలో ఉంది, అది ఐఎస్‌ఆర్ నడిచిన టైమ్. ఈ లేటెన్సీ ప్రతిసారీ ఒకేలా ఉందా, మారుతోందా, అది జిట్టర్. చివరిగా, సిగ్నల్ వచ్చినా పిన్ కదలని చోటు ఉందా? ఉంటే అక్కడ ఇంటరప్ట్ మిస్ అయింది.

ఒక్క జాగ్రత్త. ఆర్డుఇనోలో డిజిటల్‌రైట్ వాడితే అది ఒక్కటే కొన్ని మైక్రోసెకన్లు తినేస్తుంది. కొలిచే టేపే సాగిపోయినట్టు ఉంటుంది. పోర్ట్ రిజిస్టర్‌లో ఆ ఒక్క బిట్‌ని నేరుగా మార్చండి. 16 మెగాహెర్ట్జ్ ఊనోలో అది రెండు సైకిళ్ల పని, అంటే 125 నానోసెకన్లు. ప్రింట్‌తో పోల్చుకుంటే ఈ ఖర్చు లేనట్టే.

ఊనో ఉన్న వాళ్లు ఈ రాత్రికే చేయగలిగిన ప్రయోగం ఒకటి చెప్తా. ఇంకో బోర్డు నుంచి సెకనుకి వెయ్యి పల్స్‌లు పంపి, 2వ నంబర్ పిన్ మీద ఇంటరప్ట్ తీసుకోండి. చాలాసార్లు లేటెన్సీ సుమారు మూడు మైక్రోసెకన్ల దగ్గర ఒకేలా వస్తుంది. అప్పుడప్పుడు మాత్రం ఒక పల్స్‌కి అది ఉన్నట్టుండి రెట్టింపో ఇంకా ఎక్కువో అవుతుంది. మీ కోడ్‌లో దానికి కారణం కనిపించదు. ఎందుకంటే అది మీరు రాయని కోడ్‌లో ఉంది. మిల్లీస్ ఫంక్షన్ టైమ్ లెక్కపెట్టడానికి టైమర్ జీరో ప్రతి 1.024 మిల్లీసెకన్లకి ఒక ఇంటరప్ట్ తెస్తుంది. సరిగ్గా ఆ హ్యాండ్లర్ నడుస్తున్నప్పుడు మీ పల్స్ వస్తే, మీది క్యూలో నిలబడుతుంది.

ఇది పుస్తకంలో చదివితే ఒక లైన్. స్క్రీన్ మీద చూస్తే జన్మలో మర్చిపోరు.

నీళ్లు లేని పైపులో నిమిషానికి ఆరున్నర లీటర్లు

మా పిన్ని కొడుకు ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ సంగతి చెప్తా. స్మార్ట్ ఇరిగేషన్ ప్రాజెక్ట్‌లు మన దగ్గర ప్రతి బ్యాచ్‌లో పది ఉంటాయి, కానీ వీడిది నిజంగా పొలంలో పెట్టడానికి చేసింది. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు ఖాళీగా తిరిగి కాలిపోతుంది. వాళ్ల నాన్న అప్పటికే ఒకసారి వైండింగ్ చేయించారు. అందుకని పైపుకి ఒక ఫ్లో సెన్సర్ పెట్టాడు. లోపల చిన్న చక్రం, దానికి మాగ్నెట్, పక్కన హాల్ సెన్సర్. లీటరుకి సుమారు 450 పల్స్‌లు. ప్రతి పల్స్‌కి ఒక ఇంటరప్ట్, ఐఎస్‌ఆర్‌లో కౌంట్ ఒకటి పెంచడం. మోటారు ఆన్ చేశాక పది సెకన్లలో పల్స్‌లు రాకపోతే రిలే ఆఫ్. లాజిక్ నీట్‌గా ఉంది.

టేబుల్ మీద అంతా బాగానే నడిచింది. పొలంలో పెట్టాక పైపు వాల్వ్ కట్టేసి టెస్ట్ చేస్తే మోటారు ఆగలేదు. నీటి చుక్క కదలని పైపులో డిస్‌ప్లే నిమిషానికి 6.6, 6.7 లీటర్లు అని చూపిస్తోంది. "అన్నా, లైబ్రరీ మార్చా, బోర్డు మార్చా, సెన్సర్ కూడా కొత్తది పెట్టా, అదే నంబర్ వస్తోందన్నా" అని ఫోన్ చేశాడు. ఐఎస్‌ఆర్‌లో ప్రింట్ పెట్టి చూస్తే "పల్స్ వచ్చింది, పల్స్ వచ్చింది" అని వస్తూనే ఉంది. ప్రింట్ అబద్ధం చెప్పలేదు, కానీ పనికొచ్చే నిజం కూడా చెప్పలేదు.

నా దగ్గరున్న లాజిక్ అనలైజర్ పట్టుకెళ్లి, ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీదే ఉంచి, రెండు ఛానెళ్లు కలిపాం. ఐఎస్‌ఆర్ పిన్ మీద పల్స్‌లు వరసగా, దువ్వెన పళ్లలా వచ్చాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం కొలిస్తే 20 మిల్లీసెకన్లు. పక్కది 20. ఆ పక్కది కూడా 20.

20 మిల్లీసెకన్లు అంటే సెకనుకి 50. మన ఇళ్లకొచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీ అదే. సెకనుకి 50 పల్స్‌లని 450తో లెక్కేస్తే నిమిషానికి 6.67 లీటర్లు. కొలుస్తున్నది నీళ్లని కాదు, మోటారు కేబుల్‌ని. సెన్సర్ వైర్ ముప్పై మీటర్ల పొడవునా మోటారు కేబుల్‌తో కలిపి ట్యాగ్‌లు వేసి కట్టేసి ఉంది.

అంతవరకు లాజిక్ అనలైజర్ చెప్పింది. దాని హద్దు కూడా అక్కడే. దానికి తెలిసింది ఒకటీ సున్నా మాత్రమే. లైన్ ఎందుకు సున్నాకి పడుతోందో చెప్పలేదు. అందుకని అదే కేబుల్ చుట్టని కాలేజీలో ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్‌కి తీసుకెళ్లి, నడుస్తున్న మోటారు వైరు పక్కన పరిచి, సెన్సర్ లైన్‌ని ఆసిలోస్కోప్‌లో చూశారు. 5 వోల్టుల దగ్గర తిన్నగా ఉండాల్సిన గీత అలల్లా ఊగుతోంది. ప్రతి అల కిందికి దిగినప్పుడు చిప్ దాన్ని సున్నా అనుకుంటోంది. మోటారు ఆన్ చేసిన క్షణంలో మాత్రం అలలు కాకుండా సన్నటి ముళ్లు కనిపించాయి.

ఈ రెండు ఆకారాలకీ మందులు వేరు. ఆ సెన్సర్ అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్ రకం. లైన్‌ని పైకి పట్టి ఉంచేది చిప్ లోపలి పుల్ అప్ ఒక్కటే. ఊనో చిప్‌లో అది 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది. ముప్పై మీటర్ల వైరుకి అది చాలా బలహీనం. బయట 4.7 కిలో ఓమ్‌ల పుల్ అప్ పెట్టి, సెన్సర్ వైరుని మోటారు కేబుల్‌కి దూరంగా వేయగానే అలలు పోయాయి. ముళ్ల కోసం 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్‌తో చిన్న ఫిల్టర్. దాని టైమ్ కాన్‌స్టెంట్ 100 మైక్రోసెకన్లు. నిమిషానికి 30 లీటర్లు పారినా పల్స్‌ల మధ్య 4.4 మిల్లీసెకన్లు ఉంటుంది కాబట్టి అసలు సిగ్నల్‌కి ఏమీ అవ్వదు. అదే ఫిల్టర్‌తో 50 హెర్ట్జ్ అలల్ని ఆపుదామంటే మాత్రం కుదరదు, అవి దానికి చాలా నెమ్మది. స్కోప్‌లో ఆకారం చూడకుండా కెపాసిటర్ పెట్టేసి ఉంటే ఇంకో వారం పోయేది.

ఇప్పుడు వాల్వ్ కట్టేస్తే ఐఎస్‌ఆర్ ఛానెల్ తిన్నటి గీత. పదో సెకనుకి రిలే ఆఫ్. అంతా అయ్యాక చూస్తే కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

తప్పు కోడ్‌లోనే ఉన్నప్పుడు

ప్రతిసారీ వైరుదే తప్పు అవ్వదు. కార్టెక్స్-ఎమ్ చిప్‌ల్లో ఫేమస్ కేసు ఒకటి ఉంది. బటన్ ఒక్కసారి నొక్కితే కౌంట్ రెండు పెరుగుతుంది. అందరూ చెప్పే మొదటి సలహా "బటన్ బౌన్స్ అవుతోంది, డిలే పెట్టు" అని. నిజమే కావచ్చు. కాకపోవచ్చు కూడా.

రెండు ఛానెళ్లు పెట్టి చూడండి. ఇన్‌పుట్ లైన్ మీద కూడా రెండు మూడు ఎడ్జ్‌లు కనిపిస్తే అది బౌన్సే. ఇన్‌పుట్ మీద ఒకే ఎడ్జ్ ఉండి, ఐఎస్‌ఆర్ పిన్ మీద రెండు పల్స్‌లు ఆనుకుని ఉంటే కథ వేరు. ఇంటరప్ట్ ఫ్లాగ్‌ని ఐఎస్‌ఆర్ చివరి లైన్‌లో క్లియర్ చేస్తే, ఆ రైట్ బస్ మీదుగా పెరిఫెరల్‌ని చేరేలోపే కోర్ ఐఎస్‌ఆర్ నుంచి బయటికి వచ్చేస్తుంది. లైన్ ఇంకా యాక్టివ్‌గానే కనిపించేసరికి ఇంకోసారి లోపలికి వెళ్తుంది. ఇలా వెంటవెంటనే వెళ్లేటప్పుడు కార్టెక్స్-ఎమ్3 రిజిస్టర్లని మళ్లీ దాచే పని వదిలేసి 6 సైకిళ్లలోనే దూకుతుంది. దాన్ని టెయిల్ చైనింగ్ అంటారు. అందుకే ఆ రెండు పల్స్‌ల మధ్య సందు అంత సన్నగా ఉంటుంది.

దీనికి మందు ఫ్లాగ్‌ని ఐఎస్‌ఆర్ మొదట్లోనే క్లియర్ చేయడం. లేదా క్లియర్ చేశాక ఆ రిజిస్టర్‌ని ఒకసారి తిరిగి చదవడం. డిలే పెడితే లక్షణం దాగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. ఈ రెండు కేసుల్లోనూ ప్రింట్ చూపించేది ఒక్కటే: కౌంట్ 2.

మరి ఏది కొనాలి?

నా సలహా ముందు లాజిక్ అనలైజర్. ఎనిమిది ఛానెళ్లు, 24 మెగాహెర్ట్జ్ అని రాసి ఉండే చిన్న డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. సిగ్‌రాక్ ప్రాజెక్ట్ వాళ్ల పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్ ఫ్రీ, ఓపెన్ సోర్స్. 24 మెగాహెర్ట్జ్ అంటే దాదాపు 42 నానోసెకన్లకోసారి చూస్తుంది. 125 నానోసెకన్ల పల్స్ పడుతుంది, 30 నానోసెకన్ల పల్స్ తప్పించుకోవచ్చు. డేటా నేరుగా ల్యాప్‌టాప్‌లోకి వెళ్తుంది కాబట్టి స్పీడ్ తగ్గించుకుంటే నిమిషాల తరబడి రికార్డ్ చేయొచ్చు. గంటకోసారి వచ్చే బగ్‌కి ఇదే దిక్కు. యూఏఆర్‌టీ, ఐ2సీ, ఎస్‌పీఐ డేటాని అక్షరాల్లో విడమరచి కూడా చూపిస్తుంది. ఇన్‌పుట్ మాత్రం 5 వోల్టులు దాటనివ్వకండి.

ఆసిలోస్కోప్ దీనికి పోటీ కాదు, పై మెట్టు. వోల్టేజ్ ఆకారం, బౌన్స్, ముళ్లు, నెమ్మదిగా లేచే ఎడ్జ్, ఇవన్నీ దానికే కనిపిస్తాయి. పర్సిస్టెన్స్ మోడ్ పెడితే వేల పల్స్‌లు ఒకదాని మీద ఒకటి పడి, జిట్టర్ ఎంత వెడల్పు ఉందో కంటికే తెలిసిపోతుంది. మంచి స్కోప్‌కి ఒక మిడ్ రేంజ్ ఫోన్ అంత ఖర్చవుతుంది. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు అది కొనమని నేను చెప్పను, కాలేజీది వాడండి. ఒక హెచ్చరిక: బెంచ్ స్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ లోపల ఎర్త్‌కి కలిసి ఉంటుంది. దాన్ని 230 వోల్టుల వైపు ఎక్కడా తగిలించొద్దు. మేం పొలంలో కలిపిందీ, ల్యాబ్‌లో చూసిందీ 5 వోల్టుల సెన్సర్ వైపు మాత్రమే.

అంత డబ్బు కూడా లేదా? రాస్‌ప్‌బెరీ పై పికో బోర్డు ఉంటే దాన్నే లాజిక్ అనలైజర్‌గా మార్చే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఉంది. అదీ లేకపోతే వోక్వీ అనే ఆన్‌లైన్ సిమ్యులేటర్‌లో లాజిక్ అనలైజర్ పార్ట్ ఉంది, రికార్డింగ్‌ని పల్స్‌వ్యూలోనే తెరుచుకోవచ్చు. సిమ్యులేటర్‌లో మోటారు కేబుల్ ఉండదు, కానీ ఐఎస్‌ఆర్ టైమింగ్ చదవడం అలవాటవుతుంది.

"చిప్ లోపలే టూల్స్ ఉన్నాయి కదా" అనే వాళ్లకి

ఈ వాదన నేను తీసిపారేయను. కార్టెక్స్-ఎమ్3, ఎమ్4లో సైకిల్ కౌంటర్ ఉంది, ట్రేస్ పిన్ ఉంది, ఐఎస్‌ఆర్‌లు ఎప్పుడెప్పుడు నడిచాయో గ్రాఫ్ వేసి చూపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిని నేనూ వాడతాను. పెద్ద ప్రాజెక్ట్‌లో ముప్పై ఇంటరప్ట్‌లుంటే ముప్పై పిన్‌లు ఎక్కడి నుంచి తెస్తాం?

కానీ ఐఎస్‌ఆర్‌లో మీరు సైకిల్ కౌంటర్ చదివేసరికే ఐఎస్‌ఆర్ మొదలైపోయింది. బయట సిగ్నల్ ఎప్పుడు మారిందో ఆ కోడ్‌కి తెలియదు. మిస్ అయిన ఇంటరప్ట్ గురించి అసలు ఏ కోడూ నడవదు కాబట్టి ఎవరూ చెప్పరు. క్లాక్ సెట్టింగే తప్పైతే లోపలి కొలతలన్నీ కలిసికట్టుగా అదే తప్పు చెప్తాయి. బయట ఇంకో గడియారం ఉంటేనే తేడా తెలుస్తుంది. పైగా మా వాడి పొలంలో ఆ సైకిల్ కౌంటర్ ఎంత కచ్చితంగా లెక్కపెట్టినా లెక్కపెట్టేది కరెంటునే.

ల్యాబ్‌లో ఒక్క పూట

ఇంటరప్ట్‌ల థియరీ మనకి రాదని కాదు. 8086లో 256 వెక్టర్లు, ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 1 కిలోబైట్ టేబుల్ అని నిద్రలో లేపి అడిగినా చెప్తాం. ల్యాబ్‌లో మాత్రం కిట్ మీద రెండు నంబర్లు కూడి, రికార్డ్ రాసి, సంతకం పెట్టించుకుంటాం. పక్క ల్యాబ్‌లో అదే టైమ్‌కి స్కోప్ మీద సైన్ వేవ్ చూసి ఇంకో రికార్డ్ రాస్తాం. ఆ స్కోప్ ప్రోబ్‌ని ఈ కిట్ పిన్‌కి తగిలించే రోజు నాలుగేళ్లలో చాలామందికి రాదు.

క్వాల్‌కమ్, ఏఎండీ, మైక్రాన్ లాంటి కంపెనీలకి హైదరాబాద్‌లో పెద్ద సెంటర్లున్నాయి. అలాంటి ఉద్యోగాల మీద ఆశ ఉన్న వాళ్లు రెజ్యూమెలో "ఇంటరప్ట్స్ తెలుసు" అని రాసే బదులు, "నా బోర్డు మీద లేటెన్సీ ఇంత, వరస్ట్ కేస్ ఇంత, కారణం ఇది" అని ఒక స్క్రీన్‌షాట్ చూపించగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడుకోవడానికి అసలైన విషయం ఉంటుంది. లెక్చరర్లని నేను అడిగేది కూడా ఒక్క పూట ల్యాబే. సిగ్నల్ ఒక ఛానెల్‌లో, ఐఎస్‌ఆర్ పిన్ ఇంకో ఛానెల్‌లో, వంద పల్స్‌లు, అన్నిటికంటే ఎక్కువ లేటెన్సీ ఎంతో రాయమనండి. ఆవరేజ్ వద్దు. ఆవరేజ్ దగ్గర మోటారు కాలిపోదు, వరస్ట్ కేస్ దగ్గరే కాలిపోతుంది.

ఫోన్ల విషయంలో మనకీ ఇదే వర్తిస్తుంది. టచ్ శాంప్లింగ్ రేట్ ఎంతో గొప్పగా చెప్పే కంపెనీని "వరస్ట్ కేస్ ఎంత?" అని అడగడం మనం ఇంకా మొదలుపెట్టలేదు. ఫోన్ వేడెక్కి, వెనక పది యాప్‌లు నడుస్తున్నప్పుడు ఒక్కోసారి వేలికీ స్క్రీన్‌కీ మధ్య వచ్చే ఆ చిన్న తడబాటు శాంప్లింగ్ నంబర్‌లో కనిపించదు.

ఈ వీకెండ్ టైమ్ ఉంటే ఇలా మొదలుపెట్టండి. లినక్స్ ల్యాప్‌టాప్ ఉంటే ప్రాక్ ఫోల్డర్‌లోని ఇంటరప్ట్స్ అనే ఫైల్ తెరిచి, కీబోర్డ్ మీద నాలుగు కీలు నొక్కి మళ్లీ తెరవండి. ఏ లైన్‌లో నంబర్లు పెరిగాయో చూడండి. అక్కడ మీకు ఎన్నిసార్లు అన్నది తెలుస్తుంది, ఎంతసేపట్లో అన్నది తెలియదు. అది తెలియాలంటే బోర్డు తీసి, ఖాళీ పిన్ ఒకటి వెతికి, ఐఎస్‌ఆర్‌లో ఉన్న ఆ ప్రింట్ లైన్ తీసేయండి.